ఇరవై ఎకరాలు కొని అందరం కలిసి బతకాలనుకుంటున్నాం, బయటి లోకంతో పొసుగుతుందా?

సర్జాపూర్ శీను

అందరికీ నమస్కారం. మేము ఎనిమిది కుటుంబాలు, అందరం బెంగళూరులోనే, సగం మంది సర్జాపూర్ రోడ్డు, సగం మంది మారతహళ్ళి. హిందూపురం దాటాక లేపాక్షి వైపు ఇరవై ఎకరాల మెట్ట పొలం చూశాం. మేనేజ్డ్ ఫార్మ్‌ల్యాండ్ వాళ్ళు అమ్మే పావెకరం ప్లాటు, వీకెండ్ కాటేజీ లాంటిది కాదు. నిజంగా అక్కడే ఉండాలి. వంటిల్లు ఒక్కటే, రెండు మూడు కార్లు అందరికీ, పిల్లలకు మేమే చదువు చెప్పుకోవడం, సంపాదనంతా ఒక ఖాతాలో వేసి అవసరాన్ని బట్టి తీసుకోవడం. మాలో కొందరికి వర్క్ ఫ్రమ్ హోమ్ ఉంది కాబట్టి మొదట్లో డబ్బుకు ఇబ్బంది లేదు.

ఇప్పుడు మాలో రెండు వర్గాలు తయారయ్యాయి. ఒకరేమో గేటు వేసేద్దాం, ఫోన్లు, టీవీలు బాగా తగ్గించేద్దాం, బయటి గాలి సోకితే ఇది కూడా మామూలు అపార్ట్‌మెంట్ అయిపోతుంది అంటున్నారు. రెండో వాళ్ళు బయటితో తెగతెంపులు చేసుకుంటే బతకలేం అంటున్నారు. రాత్రి పన్నెండు దాకా వాట్సాప్‌లో ఇదే గోల. ఇలాంటి ఆదర్శ సమాజాలు బయటి ప్రపంచం పక్కనే ఉంటూ బాగుపడిన దాఖలాలున్నాయా? పుదుచ్చేరి దగ్గరి ఆరోవిల్ చూసినవాళ్ళు, పల్లెల్లో పెరిగినవాళ్ళు చెప్పండి. "మీకేమైనా పిచ్చా" అనేవాళ్ళు మా అత్తగారింట్లో సరిపడా ఉన్నారు, ఇక్కడ కొత్తగా అక్కర్లేదు.

నైట్‌షిఫ్ట్ నాగు

పిచ్చి అనను గానీ అన్నా, పొత్తుల మగడు పుచ్చి చచ్చాడని మనవాళ్ళు ఊరికే అనలేదు. మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు ఫ్యాన్ ఎవరి డబ్బుతో బాగు చేయించాలో తేలక వేసవి మొత్తం గడిచిపోయింది. మీరేమో జీతాలే ఒక ఖాతాలో వేస్తామంటున్నారు.

ఎర్రమట్టి

శీను గారూ, ఉద్యోగం మానేసిన మధ్యకాలంలో నేను ఆరోవిల్‌లో వాలంటీరుగా చెట్ల పని చేశాను. బెంగళూరు నుంచి వెళ్ళే చాలామంది మాతృమందిరం బంగారు గోళం ముందు ఫోటో దిగి, పిజ్జా తిని వచ్చేస్తారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా.

1968 ఫిబ్రవరి 28న మొదలైంది. 124 దేశాల నుంచి పిడికెడేసి మట్టి తెచ్చి ఒక కలశంలో పోశారు. అనుకున్నది యాభై వేల మంది నగరం, అర్ధ శతాబ్దం దాటినా ఉన్నది మూడు వేల పైచిలుకే. ఈ ఒక్క లెక్క పట్టుకుని ఫెయిల్ అనేవాళ్ళున్నారు. నేను అనను. మొదట వచ్చినవాళ్ళకు దొరికింది నిలువ నీడ లేని ఎర్ర దిబ్బ, వాన పడితే మట్టంతా కోసుకుని సముద్రం దారి పట్టేది. గట్లు వేసి, గుంటలు తవ్వి, మొక్కలు నాటి దాన్ని అడవి చేశారు. చేసింది విదేశీయులు మాత్రమే కాదు, చుట్టుపక్కల తమిళ పల్లెల నుంచి పనికొచ్చినవాళ్ళు కూడా, ఆ సంగతి ఫోటోల కింద తక్కువగా రాస్తారు.

మీకు పనికొచ్చే విషయమేమిటంటే ఆరోవిల్‌కు చుట్టూ ప్రహరీ లేదు. భూమి ఒక్క చెక్కగా కూడా లేదు, మధ్యమధ్యలో కుయిలాపాళయం, ఎడయంచావడి లాంటి ఊళ్ళు, వాళ్ళ పొలాలు, వాళ్ళ గుళ్ళు. రోజూ వేలమంది ఆ ఊళ్ళ నుంచి లోపలికి పనికి వస్తారు. అగరబత్తులు, బట్టలు, ఇంకా ఏవేవో తయారుచేసి బయట అమ్ముతారు, ఆ యూనిట్ల లాభంలో మూడో వంతు ఉమ్మడి నిధికి వెళ్ళాలన్నది పద్ధతి. విరాళాలు, ప్రభుత్వ గ్రాంట్లు సరేసరి. లోపల డబ్బు చేతులు మారకూడదన్న కలను నడిపిస్తున్నది బయటి నుంచి వచ్చే డబ్బే. ఇల్లు కట్టుకున్నా అది మీది కాదు, అమ్ముకోలేరు, పిల్లలకు రాయలేరు. ఈ ఒక్క షరతు మీ ఎనిమిది కుటుంబాల ముందు పెట్టి చూడండి, రాత్రి పన్నెండింటి గోల తెల్లవారుజాము దాకా వెళుతుంది.

గొడవలు కూడా చెప్పాలి. 1973లో ఆరోవిల్ స్థాపించిన శ్రీమాత పోయాక ఆస్తి మీద పెత్తనం ఎవరిదని శ్రీ అరవిందో సొసైటీకీ అక్కడ ఉండేవాళ్ళకీ పడలేదు. 1980లో కేంద్రం చట్టం చేసి నిర్వహణ తన చేతిలోకి తీసుకుంది. అది మత వ్యవహారంలో జోక్యమని కోర్టుకెళితే, ఇది మతశాఖ కాదని 1982లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. తర్వాత 1988లో ఆరోవిల్ ఫౌండేషన్ చట్టం. అప్పట్లో చాలామంది నివాసులు దాన్ని రక్షణగానే చూశారు. 2021 చివర్లో నగరం ప్లానులో ఉన్న క్రౌన్ రోడ్డు అనే వలయం కోసం చెట్ల మీదికి జేసీబీలు వచ్చినప్పుడు వాటి వెనక ఉన్నది కూడా ఆ ఫౌండేషన్ యంత్రాంగమే. నివాసులు రెండుగా చీలిపోయారు, గ్రీన్ ట్రైబ్యునల్ దాకా వెళ్ళారు, ట్రైబ్యునల్ ఇచ్చిన ఉత్తర్వును 2025 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. రోడ్డు కావాలన్నవాళ్ళూ ఆరోవిల్ వాళ్ళే అన్నది మర్చిపోకండి, ముందు నుంచీ ప్లానులో ఉన్న నగరం కట్టాల్సిందే అని వాళ్ళ వాదన.

చెనక్కాయల బాబు

అన్నా నమస్తే. మాది చెన్నేకొత్తపల్లి పక్కన. నేను ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేస్తున్నా, మా నాయన ఇంకా సేద్యం చేస్తున్నాడు. మీరంతా బయటి లోకం, బయటి లోకం అంటున్నది మమ్మల్నే, అందుకని రాస్తున్నా.

బెంగళూరు వాళ్ళు వచ్చి అడిగిన రేటు ఇచ్చి కొంటారు. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల ఏ రైతు కొడుకూ ఎకరం కొనలేడు. చుట్టూ ఫెన్సింగ్ వేస్తారు, గొర్రెలు తిరిగే దారి మూసుకుపోతుంది. అందరికంటే లోతుకు బోరు దించుతారు, పక్క పొలంలో మోటారు గాలి కొడుతుంది. ఇదంతా అయ్యాక ఊరివాళ్ళు మాతో సరిగా ఉండటం లేదని పోస్టు పెడతారు. మా జిల్లాలో వాన ఎంతో, నేల కింద నీళ్ళు ఎంతో మీకు ఎవరూ చెప్పకుండా పొలం అమ్ముతున్నారంటే నాకు ఆశ్చర్యం లేదు.

పొసిగిన ఉదాహరణ కావాలంటే మా దగ్గరే ఉంది. టింబక్టు కలెక్టివ్. 1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, ఇంకొందరు కలిసి ముప్పై రెండెకరాల బీడు కొని మొదలుపెట్టారు, ఏమీ మొలవదని అందరూ వదిలేసిన నేల. వాళ్ళు ఆ ముప్పై రెండెకరాల్లోనే చెట్లు పెంచుకుని ఉండిపోయి ఉంటే ఈపాటికి మంచి రిసార్టు అయ్యేది. అలా ఉండిపోలేదు. ఊళ్ళలో ఆడవాళ్ళ పొదుపు సంఘాలు, కొండల్లో అడవి పెంచడానికి ఊరి సంఘాలు, వికలాంగుల సంఘాలు, కొర్రలు, సామలు, చెనక్కాయలు మందుల్లేకుండా పండించే రైతుల సంఘం, పిల్లల బడి. మా పెద్దమ్మ పొదుపు సంఘంలో ఉంది, ఆమెకు ఆదర్శ సమాజం అంటే ఏంటో తెలీదు, అప్పు ఎంత వడ్డీకి వస్తుందో తెలుసు.

సర్జాపూర్ శీను

@ఎర్రమట్టి గారూ, ఇల్లు మన పేరు మీద ఉండదన్న మాట గ్రూపులో పెట్టా. ఇప్పటిదాకా ఎవరూ రిప్లై ఇవ్వలేదు, ఇద్దరు థంబ్ పెట్టారు, అది ఒప్పుకోలో చూశామనో తెలీదు.

@బాబూ, బోరు కంటే ముందు కుంటలు తవ్వాలనే అనుకుంటున్నాం. కానీ నా సందేహం ఒకటి. ఊరితో అంతగా కలిసిపోతే ఊరి రాజకీయం, కులం, పంచాయతీ ఎన్నికలు అన్నీ లోపలికి వస్తాయి కదా. మేము తప్పించుకోవాలనుకుంటున్నవే అవి.

చెనక్కాయల బాబు

కులం ఊరి నుంచి కొత్తగా రావాలా అన్నా? ఎనిమిది కుటుంబాల్లో ఎన్ని కులాలున్నాయో ఒకసారి లెక్కపెట్టు. అంట్లు తోమడానికి ఎవరిని పెట్టుకుంటారో, వాళ్ళు మీ ఉమ్మడి బల్ల మీద కూర్చుని తింటారో లేదో కూడా చెప్పు.

కరివేపాకు

అంట్ల దగ్గరికి వచ్చారు కాబట్టి నేనూ వస్తున్నా 😀 శీను గారూ, మీ పోస్టులో "వంటిల్లు ఒక్కటే" అని ఉంది, వండేది ఎవరని లేదు. గ్రూపులో ఆడవాళ్ళు ఎంతమంది మాట్లాడుతున్నారు? ఉమ్మడి వంటిల్లు అనగానే మగవాళ్ళకు పనసకాయ బిర్యానీ గుర్తొస్తుంది, నాకు మా అమ్మమ్మ వాళ్ళ ఉమ్మడి కుటుంబంలో పొద్దున్న నాలుగింటికి లేచే కోడళ్ళు గుర్తొస్తారు.

ఇజ్రాయెల్‌లో కిబ్బుట్జ్‌లనే ఉమ్మడి పల్లెలు మీలాగే అన్నీ ఉమ్మడిగా పెట్టుకున్నాయి. మొదటిది దెగానియా, 1910లో, గలిలీ సరస్సు ఒడ్డున. ఆడామగా సమానం అన్నారు, పిల్లల్ని కూడా అందరివీ అన్నారు. చాలా కిబ్బుట్జ్‌లలో పిల్లలు రాత్రిళ్ళు తల్లిదండ్రుల దగ్గర కాకుండా పిల్లల ఇళ్ళలో పడుకునేవారు. జరిగిందేమిటంటే ఆడవాళ్ళు సొంత వంటింట్లోంచి బయటపడి ఉమ్మడి వంటింట్లో, ఉమ్మడి లాండ్రీలో, పిల్లల ఇళ్ళలో తేలారు. మగవాళ్ళు ట్రాక్టర్లు నడిపారు. చివరికి పిల్లల్ని రాత్రికి ఇంటికి తెచ్చుకుంటామని గట్టిగా పట్టుబట్టింది కూడా తల్లులే. తొంభైల నాటికి ఆ పద్ధతి పోయింది. దాన్ని పోగొట్టింది బయటి లోకం కాదు.

డబ్బు సంగతి వేరే. ఎనభైల్లో అక్కడ ధరలు విపరీతంగా పెరిగి, వడ్డీలు పెరిగి కిబ్బుట్జ్‌లు అప్పుల్లో కూరుకుపోయాయి, ప్రభుత్వం, బ్యాంకులు కూర్చుని ఒప్పందాలు చేసుకోవాల్సి వచ్చింది. తర్వాత ఎక్కువ భాగం ఎవరి జీతం వాళ్ళకి అన్న పద్ధతికి మారాయి, దెగానియా కూడా 2007లో మారిపోయింది. అవి ఇప్పటికీ ఉన్నాయి, మనుషులు ఉంటున్నారు, కొన్నింట్లో ఇల్లు కోసం క్యూ కూడా ఉంటుంది. బాగుపడ్డట్టా పాడైనట్టా? నేనైతే బాగుపడ్డట్టే అంటాను.

చెనక్కాయల బాబు

అక్కా ఇంకోటి. మా వైపు చీనీ తోటల్లో కనిపించే నెటాఫిమ్ డ్రిప్ పైపులు ఒక కిబ్బుట్జ్ నుంచి వచ్చినవే. హత్జెరిమ్ అని, ఎడారిలో, 1965లో మొదలుపెట్టారు. నీళ్ళు లేక చేసుకున్న పనిని ప్రపంచమంతా అమ్మారు. తర్వాత ఎక్కువ వాటా మెక్సికో కంపెనీకి అమ్మేశారు, అది వేరే కథ.

పాతపేపర్ల కట్ట

చరిత్ర అడిగారు కాబట్టి చెబుతున్నా, కొంచెం పొడుగవుతుంది.

రాబర్ట్ ఓవెన్ అని స్కాట్లండులో పెద్ద మిల్లు యజమాని, కూలీల బాగు గురించి నిజంగా ఆలోచించిన మనిషి. 1825లో అమెరికాలో ఇండియానాలో న్యూ హార్మనీ అనే ఊరు మొత్తం కొన్నాడు, కట్టిన ఇళ్ళతో సహా. రండి అని పిలిస్తే వందల మంది వచ్చారు, వచ్చినవాళ్ళలో ఉపన్యాసం చెప్పగలిగినవాళ్ళు ఎక్కువ, నాగలి పట్టగలిగినవాళ్ళు తక్కువ. 1827కల్లా ముక్కలైంది. దానికి ఏ శత్రువూ అక్కర్లేకపోయింది.

ఒనైడా ఇంకో రకం. 1848, న్యూయార్క్ రాష్ట్రం. ఆస్తే కాదు, పెళ్ళి కూడా సొంతం కాదన్నారు. ఇంత విడ్డూరంగా బతికినవాళ్ళు బయటి లోకంతో వ్యాపారం మాత్రం బ్రహ్మాండంగా చేశారు, జంతువుల్ని పట్టే ఇనప ఉచ్చులు తయారుచేసి అమ్మి బాగా సంపాదించారు. మూడు దశాబ్దాలు నడిచింది. 1881లో కమ్యూనిటీ రద్దు చేసుకుని జాయింట్ స్టాక్ కంపెనీగా మారిపోయారు. తర్వాత ఆ పేరు స్పూన్లకీ ఫోర్కులకీ బ్రాండు. అమానా అని అయోవాలో ఏడు ఊళ్ళు, జర్మన్ భక్తులు, ఉమ్మడి వంటశాలలు, అన్నీ శీను గారి ప్లానే. 1932లో ఓటు వేసుకుని ఉమ్మడి ఆస్తిని వాటాలు చేసుకున్నారు, చర్చిని అలాగే ఉంచుకున్నారు. ఊళ్ళు ఇప్పటికీ ఉన్నాయి.

ఇక పక్కవాళ్ళతో తగువు పెట్టుకుంటే ఏమవుతుందో చూడాలంటే ఓషో రజనీష్ శిష్యులు కట్టిన రజనీష్‌పురం. 1981లో ఒరెగాన్‌లో అరవై వేల ఎకరాల పైచిలుకు రాంచ్. నగరం కట్టిన వేగం, వ్యవసాయం చూసి ఒప్పుకోవాల్సిందే. కానీ పక్కనున్న ఆంటెలోప్ అనే చిన్న ఊరి కౌన్సిల్‌ను ఓట్లతో చేజిక్కించుకుని పేరే మార్చేశారు. 1984లో కౌంటీ ఎన్నికల కోసం కొందరు నాయకులు హోటళ్ళ సలాడ్లలో సాల్మొనెల్లా కలిపించారు, 751 మంది జబ్బుపడ్డారు. మరుసటి ఏడాదికల్లా అంతా కూలిపోయింది. అక్కడి మామూలు సన్యాసుల్లో చాలామందికి ఇవేవీ తెలియవు, వాళ్ళు పొలంలో పని చేసుకుంటున్నారు.

నన్నడిగితే గేటు వేయాలనే మీ వర్గాన్ని చూసి నాకు కొంచెం భయం. గేటు పడ్డాక లోపల జరిగే తప్పు చూడ్డానికి మనిషి ఉండడు.

నైట్‌షిఫ్ట్ నాగు

పెళ్ళి కూడా పొత్తు అన్న పాయింటు గ్రూపులో పెట్టకండి శీనన్నా, అత్తగారింటికి తెలిస్తే కష్టం.

వైట్‌ఫీల్డ్ వాసు

ఇంత దూరం వెళ్ళారు గానీ మన బెంగళూరులోనే ఉంది. వైట్‌ఫీల్డ్ మొదలైందే ఇలాంటి కలతో. 1882లో మైసూరు మహారాజు చామరాజ ఒడెయార్ యూరేషియన్, ఆంగ్లో ఇండియన్ సంఘానికి 3,900 ఎకరాలు ఇచ్చాడు. వైట్ అనే ఆయన దాని వెనకున్న మనిషి, ఊరి పేరు ఆయనదే. అటు తెల్లవాళ్ళూ దగ్గరికి రానివ్వక, ఇటు మనవాళ్ళూ రానివ్వక మధ్యలో ఉన్న జనం, సొంతంగా వ్యవసాయం చేసుకుని గౌరవంగా బతకాలని. గుండ్రంగా ఊరు ప్లాను వేసుకున్నారు, ఇన్నర్ సర్కిల్ ఇప్పటికీ ఉంది, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు పక్కకు తిరిగితే కనిపిస్తుంది. పిల్లలు ఉద్యోగాలకని బయటికి వెళ్ళారు, స్వాతంత్ర్యం వచ్చాక చాలామంది ఇంగ్లండు, ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు. తొంభైల్లో ఐటీపీఎల్ టెక్ పార్కు వచ్చింది, తర్వాత మనం వచ్చాం.

మనమూ అదే కల కొనుక్కున్నాం కదా, నలభై అంతస్తుల్లో. బ్రోచర్‌లో సరస్సు, లోపల స్కూలు, సూపర్ మార్కెట్, బయటికి రావాల్సిన పనే లేదన్నారు. 2024 వేసవిలో ట్యాంకర్ వాడు రెండు రోజులు రాకపోతే క్లబ్ హౌస్‌లో ఎవరూ టేబుల్ టెన్నిస్ ఆడలేదు.

మోడరేటర్

పార్టీల పేర్లు తెచ్చిన రెండు పోస్టులు తీసేశాం. టాపిక్ మీద ఉండండి.

ప్లీడరుగారి మనవరాలు

ఎవరూ అడగలేదు గానీ చెప్పకపోతే నిద్ర పట్టదు. భూమి ఎవరి పేరు మీద? ఎనిమిది మంది పేర్ల మీద అవిభక్త వాటాగా రిజిస్టర్ చేయిస్తే, రేపు వాళ్ళలో ఎవరైనా కోర్టుకెళ్ళి నా వాటా విడదీయండి అనొచ్చు. ఎవరైనా పోతే వారసులు వస్తారు, వాళ్ళకు మీ ఆదర్శాలతో ఒప్పందం లేదు. ఒకరు బ్యాంకు అప్పు కట్టకపోతే ఆ వాటా మీదికి బ్యాంకు వస్తుంది. విడాకులైతే ఇంకో కథ. సొసైటీ, ట్రస్టు, ఆంధ్రలో 1995 చట్టం కింద సహకార సంఘం, ఇలా దారులున్నాయి, ఒక్కోదానికి ఒక్కో మెలిక. పొలంలో ఇళ్ళు కట్టడానికి అనుమతులు వేరు. జీతాలు ఒకే ఖాతాలో వేసుకున్నా ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళు ఎవరి జీతం వాళ్ళదిగానే చూస్తారు. పిల్లలకు ఇంట్లో చదువు చెప్పినా పదో తరగతి పరీక్షకు ఓపెన్ స్కూలు దారి చూసుకోవాలి.

అన్నిటికంటే ముందు, వెళ్ళిపోయేవాళ్ళకు ఎంత, ఎప్పుడు, ఎలా ఇస్తారో రాసుకోండి. అందరూ నవ్వుతున్నప్పుడే రాసుకోవాలి.

కరివేపాకు

@ప్లీడరుగారి మనవరాలు 100%. ముఖ్యంగా ఆడవాళ్ళకి. ఉద్యోగం మానేసి, నగలు అమ్మి పొలంలో పెట్టాక భర్తతో పడకపోతే ఆమె ఎక్కడికి వెళుతుంది? భర్తా, పెట్టిన డబ్బూ ఒకే గేటు లోపల ఉంటాయి.

మదనపల్లి మామ

నేను పిల్లల గురించే చెబుతాను. పెద్దవాళ్ళు ఎంచుకుని వస్తారు, పిల్లలు ఎంచుకుని రారు. అమెరికాలో అమిష్ అనే క్రైస్తవ శాఖ వాళ్ళు ఇందులో గట్టివాళ్ళు. కరెంటు లైను ఇంట్లోకి రానివ్వరు, గుర్రబ్బండ్లు, చదువు ఎనిమిదో తరగతితో సరి, దాని మీద 1972లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి గెలిచారు. అయినా జనాభా పెరుగుతూనే ఉంది. ఎందుకంటే పిల్లలు ఎక్కువ, పైగా బాప్టిజం పెద్దయ్యాకే, ఉండాలో వెళ్ళాలో అప్పుడు వాళ్ళే తేల్చుకోవాలి. ఎక్కువమంది ఉండిపోతారు. కొత్త వస్తువు వచ్చినప్పుడల్లా ఊరంతా కూర్చుని ఇది మన మధ్య దూరం పెంచుతుందా అని చూస్తారు, అందుకే కొన్నిచోట్ల ఫోను ఇంట్లో ఉండదు, పొలం చివర చిన్న గదిలో ఉంటుంది. ఫర్నిచర్ చేసి టూరిస్టులకు అమ్ముతారు. కానీ ఎనిమిదో తరగతి చదువుతో వెళ్ళాలనుకున్న పిల్లవాడికి ఆ తలుపు ఎంత తెరిచినట్టు? నాకు అది నచ్చదు.

మా వైపు రిషి వ్యాలీ బడి చూడండి. అది పెట్టిన జిడ్డు కృష్ణమూర్తి మదనపల్లిలో పుట్టిన మనిషి. ఆ లోయ కూడా బోడిగా ఉండేది, చెట్లు పెంచారు. చదువుకునేది ఎక్కువగా కలిగినవాళ్ళ పిల్లలే, ఆ విమర్శ న్యాయమైనదే. కానీ చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు పెట్టి, ఒకే టీచరు వేర్వేరు తరగతుల పిల్లలకు కార్డులతో, నిచ్చెన పద్ధతిలో చెప్పే విధానం తయారుచేశారు, అది తర్వాత వేరే రాష్ట్రాల సర్కారు బడులకు కూడా వెళ్ళింది. నెల్లూరు పక్కన పల్లిపాడు ఆశ్రమం కూడా అంతే, 1921లో గాంధీ గారు వచ్చి ప్రారంభించారు, పొణకా కనకమ్మ గారి లాంటివాళ్ళు వెనక నిలబడ్డారు. అక్కడ చేరింది లోకానికి దూరంగా ఉందామని కాదు, లోకం పనిలో దిగుదామని.

ఎర్రమట్టి

మామగారూ, ఒప్పుకుంటా గానీ పూర్తిగా కాదు. ఎప్పుడూ బయటికి ఏదో ఒక ఉపయోగం చూపిస్తేనే బతకడానికి అర్హత అన్నట్టు ఉంది ఇక్కడి మాట. కొందరు ఊరికే నెమ్మదిగా, తక్కువ ఖర్చుతో, స్నేహితుల మధ్య బతకాలనుకుంటారు. వాళ్ళకు ఆ హక్కు లేదా? ఆరోవిల్‌లో నాకు నచ్చింది అడవి మాత్రమే కాదు. సాయంత్రం మీరు ఏం ఉద్యోగం చేస్తారని అడగని మనుషులు కూడా.

చెనక్కాయల బాబు

హక్కు ఎవరు కాదన్నారు అక్కా. ఇరవై ఎకరాలు కొనగలిగినవాళ్ళకు ఆ హక్కు ఎప్పుడూ ఉంటుంది. మా నాయనకు కూడా నెమ్మదిగా బతకాలనే ఉంది, చెనక్కాయల రేటు ఒప్పుకోదు.

సర్జాపూర్ శీను

అందరికీ థాంక్స్, అన్నీ గ్రూపులో పెట్టాను. వెళ్ళేవాళ్ళకు ఎంత ఇవ్వాలన్న పాయింటు దగ్గర ఒక కుటుంబం ఆల్రెడీ తప్పుకుంది. వంట గురించి మా ఆవిడ పెద్ద మెసేజ్ పెట్టింది, ఇంతవరకు ఆ గ్రూపులో ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. మగవాళ్ళు వారంలో నాలుగు రోజులు వండాలని రాసింది. గేటు వర్గంలో ముగ్గురు మౌనం. కొనే ముందు ఆ ఊళ్ళోనే ఇళ్ళు అద్దెకు తీసుకుని ఒక ఏడాది ఉండి చూద్దామని ఇప్పుడు మాట నడుస్తోంది. బాబూ, లేపాక్షి వైపు అద్దెకు ఇళ్ళు దొరుకుతాయా?

చెనక్కాయల బాబు

దొరుకుతాయి, మా మేనమామ వాళ్ళు అటే. పొలంలో బోర్లు ఎన్ని ఉన్నాయి అన్నా?

సర్జాపూర్ శీను

మూడు. రెండు ఎండిపోయాయి, ఒకదాంట్లో నీళ్ళు బాగా వస్తున్నాయని ఆన్ చేసి చూపించారు.

చెనక్కాయల బాబు

ఎప్పుడు చూపించారు, వానలు పడ్డాకేనా? మే నెలలో చెప్పకుండా పోయి ఆన్ చేయించండి, గంటసేపు ఆపకుండా. నన్ను కూడా తీసుకుపోండి, శనివారమైతే ఖాళీ.